మందాక్రాంతలో నేను ఆగిన చోటు

చైతన్యపురి,
ఆదివారం

అక్కకు చెల్లె దండాలు.

నువ్వూ బావా కులాసానే కదా? బావ మోకాళ్ళ నొప్పి ఎట్ల ఉంది? ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటని పరేషాన్ కాకు. డాక్టర్ ఎక్కువ మాట్లాడొద్దన్నాడు, అంతే.

ఇక్కడ ఒకటే వానలు. కిరాయి గదిలో బట్టలు ఆరడం లేదు. మెస్‌లో చారు ఉత్త నీళ్ళే. నువ్వు పంపిన చింతకాయ తొక్కుతోనే నాలుగు మెతుకులు దిగుతున్నాయి. తింటూనే ఉన్నాను, దిగులు పడకు.

కోచింగ్ సెంటర్లో సంస్కృతం పంతుళ్ళ ఉద్యోగాలకు చదివేవాళ్ళకు ఛందస్సు చెప్తున్నాను కదా. గణాలు బోర్డు మీద రాస్తే చాలంటారు సెంటర్ వాళ్ళు. నాకేమో బాపు నేర్పినట్టు పాడితే తప్ప చెప్పడం రాదు. కొన్నాళ్ళుగా గొంతు బొంగురుపోతున్నా మందాక్రాంత వృత్తంలో శ్లోకం పాడుతూనే వచ్చాను. మొన్న పిల్లలను పాడమన్నాను. నాలుగు అక్షరాలయ్యాక ఆగారు, సరే. మళ్ళీ ఆరు అక్షరాలకు కదా ఆగాలి, నాలుగింటికే అందరూ ఒక్కసారిగా ఆగిపోయారు.

"ఇక్కడెందుకు ఆగిన్రు?" అన్నాను.

"మీరు రోజు గీడనే ఆగుతరు గద మేడం. యతి అనుకున్నం" అంది ముందు బెంచీ అమ్మాయి.

అక్కా, సంస్కృతంలో యతి అంటే పాదం మధ్య ఆగే చోటే కదా, అక్కడ యతి లేదు. అక్కడ నాకు ఊపిరి అందడం లేదు. సరిగ్గా పాడి చూపిద్దామంటే మళ్ళీ అక్కడే గొంతు పట్టేసింది. పిల్లల ముందే ఏడుపొచ్చింది. రేపు వీళ్ళు పంతుళ్ళయితే నా జబ్బునే పాఠంగా చెప్తారు.

ఆ సాయంత్రమే ఎల్బీనగర్ దవాఖానకు పోయాను. "గొంతులో గడ్డ ఉందమ్మా, తీసెయ్యాలె. తర్వాత మాట ఎట్లొస్తదో ఇప్పుడే చెప్పలేం" అన్నాడు డాక్టర్. వచ్చే వారం ఆపరేషన్. పక్క గది టీచరమ్మ తోడుంటానంది. బావను ఒక్కణ్ణి వదిలిపెట్టి నువ్వు రావద్దు. నాకేం కాదు. భయంగా ఉంది, కానీ నాకేం కాదు.

ఒక్కటే అడుగుతున్నాను. బాపు పోయినప్పటి నుంచి నువ్వు శ్లోకం పాడలేదు. నేనూ పాడమని అడగలేదు. ఇప్పుడు మందాక్రాంత ఒక్కటి ఫోన్లో పాడి పంపు. బాపు పాడిన తీరు ఇక నీ గొంతులోనే ఉంది. ఆపరేషన్ కన్నా ముందే పిల్లలకు వినిపించాలి.

బావకు నమస్కారాలు చెప్పు. నన్ను దీవించు. పాడేటప్పుడు ఏడుపొస్తే కాసేపు ఉండి మళ్ళీ మొదలుపెట్టు. బాపు ఆగినచోటే ఆగు. నేను ఆగినచోట ఆగకు.

నీ చెల్లె,
సుభద్ర