నాలుగో తరగతి హల్‌స్టెయిన్‌కు ఓడ గేటు తెరిపించడం గురించి

మునిసిపల్ విద్యాధికారి గారి సముఖమునకు, టెర్నోయ ద్వీపవాసి హల్‌స్టెయిన్ నెర్విక్, వయసు డెబ్బై ఎనిమిది, వృత్తి చేపలవేట (మానేశాను), ప్రస్తుతం నాలుగో తరగతి, పంపుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: తమ కంప్యూటరు నన్ను బడిపిల్లవాడిగా రాసుకొన్నందున ఓడ ఎక్కలేక, అవతలి ఒడ్డున ఉన్న నా భార్యను చూడలేక, ద్వీపంలో ఇరుక్కుపోయిన సంగతి.

తమరు అయ్యో అమ్మో నాకు తెలియదు. అమ్మ అయితే పైమాట మార్చి చదువుకోవలెను. ఈ అర్జీని బడిలో ఇచ్చిన కరెంటు పలక మీద నేనే వేలితో రాస్తున్నాను. రెండక్షరాలు నొక్కితే మిగతా మాట అదే అందిస్తోంది. ఇందులో పెద్ద మాటలు పలకవి. మిగిలినవి నావి.

1. పోయిన శరత్కాలంలో తమ ఆఫీసు నుంచి మా బడికి గోడంత వెలుగుబోర్డు ఒకటి, పిల్లలకు పలకలు వచ్చినవి. టీచర్లు వీటిని నేర్చుకొని తీరవలెనని ఉత్తర్వు కూడా వచ్చినది. మా బడికి టీచరు ఒక్కతే, టురిడ్. నేర్పడానికి పట్నం నుంచి వచ్చిన కుర్రవాడు పొద్దుటి ఓడ దిగి, గబగబా మాట్లాడి, సాయంత్రం ఓడకు పోయాడు. సుద్దముక్కతో ముప్పై ఏళ్లు చదువు చెప్పిన మనిషి పిల్లల ముందు తడబడలేక, ముందుగా ముసలివాళ్ల మీద సాధన చేస్తానని నన్నూ మరికొందరినీ బడికి పిలిచింది. కాఫీ, వాఫిల్స్ పెడతానంది. వెళ్లాం.

"నీకు అర్థమయ్యేట్టు చెప్పగలిగితే పిల్లలకి చెప్పినట్టే, బాబాయ్" అంది. ఆమె తండ్రీ నేనూ ఒకే పడవ మీద పనిచేసినవాళ్లం, అందుకని ఆ పిలుపు.

"అంటే నేనంత మొద్దునా?"

"మొద్దువి కాదు, మొండివి. మొద్దులకి ఎలాగోలా చెప్పొచ్చు."

2. పిల్లవాడి పేరు ఎక్కించడం ఎలాగో చూపిస్తూ ఆమె నాలుగో తరగతి కింద నా పేరు కొట్టింది. బోర్డు నా పౌరసంఖ్య అడిగింది, చెప్పాను. సంరక్షకులు ఎవరని అడిగింది. మా అమ్మ ఒలావా అన్నాను. అందరూ నవ్వారు. టురిడ్ కూడా నవ్వుతూ అదే కొట్టి, సాధన అన్నచోట నొక్కబోయి ఖాయం అన్నచోట నొక్కింది. రెండు మీటలూ పక్కపక్కనే, ఒకే రంగులో ఉన్నాయి. ఆమెను తప్పు పట్టవద్దు. పట్టేదుంటే ఆ మీటలు అలా పెట్టినవాణ్ణి పట్టుకోండి.

3. మరుసటి వారం నుంచి పొద్దున్నే నా ఫోను మోగడం మొదలైనది. నాకు వచ్చే ఉత్తరమైనా సందేశమైనా మా ఆవిడ బోర్గ్‌హిల్ చదివి చెప్పేది. ఆమె ఇంట్లో లేదు. నా చదువు అంతంతమాత్రం. మా ఒడ్డున పొద్దున్నే ఫోను మోగిందంటే తుఫాను హెచ్చరికే. అందుకని వెళ్లి పడవను ఒడ్డుకు లాగేశాను. నన్ను చూసి పక్కవాడు లాగాడు, వాణ్ణి చూసి అందరూ లాగారు. సముద్రం పళ్లెంలో పాలలాగా ఉంది. మూడు పొద్దులు ఇదే తంతు. మూడోనాడు ఎవరో నా ఫోను లాక్కొని పైకి చదివారు: "హల్‌స్టెయిన్ ఈ రోజు బడికి రాలేదు. కారణం తెలుపగలరు." రేవులో నా మాటకు ఉన్న విలువ ఆ పూటతో సరి.

4. నవ్వుకొనే భాగం అంతటితో అయిపోయినది. బోర్గ్‌హిల్‌కు పక్షవాతం వచ్చి అవతలి ఒడ్డున వృద్ధుల ఆశ్రమంలో ఉంది. మాట పడిపోయింది, కుడిచెయ్యి పడిపోయింది. బుధవారం బుధవారం నేను వెళ్లి ఆమెకు చేప ముళ్లు తీసి పెడతాను. నర్సులు తీసినదాన్ని ఆమె నమ్మదు. నమ్మకూడదు కూడా, నేను చూశాను వాళ్లు తీయడం.

5. ఆ బుధవారం ఓడ గేటు దగ్గర నా కార్డు పెడితే ఎర్రలైటు వెలిగింది. టిక్కెట్లు చూసే యోస్టెయిన్ దానివంక చూశాడు, నావంక చూశాడు.

"పెద్దాయనా, నువ్వు బడి ఎగ్గొట్టి పోతున్నావంటోంది."

"గేటు తియ్యరా."

"అది నా మాట వినదు. మీ అమ్మగారు తన పేరు మీదున్న ఫోన్లో సరే అని నొక్కితే తెరుచుకుంటుందట."

పిల్లలు బడి మానేసి పట్నం పోకుండా ఓడకూ బడికీ ముడిపెట్టింది తమ ఆఫీసే. చలికాలంలో అవతలికి పోయే ఓడలన్నీ బడివేళల్లోనే. శని ఆదివారాలు ఓడ లేదు. పడవ ఉంది కదా, వేసుకొని పో అని తమరు అనవచ్చు. పోయాను. బయటి సముద్రం దాకా వెళ్లగలిగాను. అక్కడ అలలు కార్డు అడగలేదు, నా చేతుల్లో బలం ఎంతని అడిగాయి. వెనక్కి తిరిగాను. దీని గురించి ఇంతకంటే రాయను.

6. నా పేరు కొట్టేయమని టురిడ్ తమ ఆఫీసుకు ఫోను చేస్తే, సంరక్షకులు ఒప్పుకొంటే తప్ప కుదరదన్నారు. ఫోను నేను తీసుకొన్నాను. "మీ అమ్మగారిని ఒకసారి లైన్లోకి పిలుస్తారా?" అని అడిగింది ఆఫీసులో పిల్ల. చర్చి వెనక ఉంది, గట్టిగా పిలవాలి అన్నాను. ఆ పిల్ల ఉంటానండి అని పెట్టేసింది. సంరక్షకురాలు చనిపోయినట్టు రాసే గడి లేదట. ఉన్నా అది వేరే ఆఫీసుదట.

ఇంకొక దారి కనబడింది. పిల్లవాడు నెల్లాళ్లు మానకుండా బడికి వస్తే టీచరే ఒక రోజుకు అనుమతి ఇవ్వవచ్చును. అందుచేత బడికి పోయాను. మోకాళ్లు పట్టని బల్లలో కూర్చొన్నాను. రోజూ పొద్దున బోర్డు మీద నా పేరు నేనే వేలితో తాకాలి. నా వేళ్లు మొరటువి, ఉప్పుకు మొద్దుబారినవి, పలక ఎలాగో సర్దుకుపోతుంది గానీ బోర్డు వాటిని వేళ్లుగా గుర్తించదు. ముక్కుతో తాకాను, గుర్తించింది. పిల్లలు పడి పడి నవ్వారు. దానివల్ల ఒక మేలు జరిగినది. టురిడ్ తప్పు నొక్కినప్పుడు నవ్వడానికి వాళ్లకు తీరిక లేదు. ఆమె భయం పోయి, తప్పు నొక్కుతూనే బోర్డు నేర్చుకొన్నది. నేను కూడబలుక్కొని చదవడం నేర్చుకొన్నాను.

నెల నిండినది. టురిడ్ అనుమతి అన్నచోట నొక్కింది. "మీ శిక్షణ పూర్తి కానందున ఈ మీట మీకు పనిచేయదు" అని వచ్చినది. శిక్షణకు పరీక్ష వసంతంలో పెడతారట. నేను వెళ్లి సముద్రం చూస్తూ కూర్చొన్నాను. ఆ రోజు బుధవారం. బోర్గ్‌హిల్ పళ్లెం పక్కకు తోసి తలుపువైపు చూస్తోందని నర్సు ఫోనులో చెప్పింది. ఆమెకు ఇవ్వమన్నాను. ఊపిరి వినిపించింది, అంతే.

7. నా పేరు కొట్టేయమని వేడుకోవడానికే ఈ అర్జీ మొదలుపెట్టినాను. సగంలో ఆపినాను. బడిలో ఉన్న పిల్లలు ఏడుగురు. ఎనిమిది లేకపోతే వచ్చే ఏడు బడి మూసేస్తామని తమ తాఖీదు ఉన్నదట. టురిడ్ నాకు చెప్పలేదు, నేనే తలుపు మీద అంటించింది చదివాను. ఎనిమిదో పేరు నాది. బడి మూస్తే పిల్లలున్నవాళ్లు ద్వీపం వదిలిపోతారు. పేరు తీస్తే వాళ్లను పంపేసినట్టు, ఉంచితే బోర్గ్‌హిల్‌ను పస్తు పెట్టినట్టు. వల నేనే వేసి నేనే అందులో పడినట్టయింది.

ఇది మోసం అనవద్దు. నా చిన్నప్పుడు మా బడి రోజు విడిచి రోజు. హెర్రింగ్ చేప వచ్చినప్పుడు అదీ లేదు. నా చదువులో సగం తమ దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు వచ్చి తీసుకొంటున్నాను. బల్లలో కూర్చొన్ననాటి నుంచి ఒక్కరోజు మానలేదు, బోర్డునే అడగండి.

కావున ప్రార్థన ఏమనగా: నా పేరు కొట్టేయవద్దు. సంరక్షకురాలి గడిలో ఒలావా పేరు తీసి, బోర్గ్‌హిల్ నెర్విక్, భార్య, అని తమ చేతులతో వేయవలెను. ఆ మార్పు చేసే అధికారం తమకు ఉన్నదని టురిడ్ చూసి చెప్పింది. బోర్గ్‌హిల్‌కు నోరు రాదుగానీ తెలివి చెక్కుచెదరలేదు. ఎడమచేతి బొటనవేలితో ఫోనులో పేకాట ఆడుతుంది, నర్సులను ఓడిస్తుంది. సరే అన్న మీట ఆమె నొక్కగలదు. యాభై ఏళ్లుగా నన్ను ఎక్కడికి పోనివ్వాలో, ఎక్కడికి పోనివ్వకూడదో చెప్పిందీ ఆమే.

ఈ ఒక్క గడిని చిత్తగించి, వచ్చే బుధవారం లోపల మార్పించవలెను.

ఆ గేటు తెరుచుకొనేదాకా తమ విధేయుడు,
హల్‌స్టెయిన్ నెర్విక్
నాలుగో తరగతి

తా.క. మొదటిసారి ఆమె వద్దు అని నొక్కవచ్చు. నెల దాటి రానందుకు కోపం ఉంటుంది. తమరు కంగారుపడి కంప్యూటరును సరిచేయబోవద్దు. ఆ ఎర్రలైటు వెలిగితే గేటు ఇవతల నుంచే ఇంటికి వచ్చేస్తాను. ఆమె కులాసాగా ఉందని నాకు తెలుస్తుంది.