మగదిక్కు

ష్కోడ్రా,
మార్చి

ప్రియమైన పెదనాన్నకి,

ఇక్కడ పట్నంలో నేను బాగానే ఉన్నాను. నర్సు చదువు ఇంకో ఏడాది. హాస్టల్ సూపులో నీళ్ళు తప్ప ఏమీ ఉండవు.

సంతకొచ్చిన మన ఊరివాళ్ళు చెప్పారు, నువ్వు పాష్క్ ఇంట్లో కాఫీ తాగి, నన్ను వాళ్ళబ్బాయి జెఫ్‌కి ఖాయం చేశావట. నా చెవిన వెయ్యడం మర్చిపోయినట్టున్నావు. జెఫ్ ఎలాంటివాడో నీకు తెలీదా? రొట్టె మాడిందని చెల్లెలి మొహాన పెనం విసిరాడు. మగాడంటే వాడని ఊరు మెచ్చుకుంది.

తాతయ్య పోయి, నాన్న పసివాడుగా ఉన్నప్పుడు, నీకు కుదిర్చిన ముసలి మొగుడు వద్దని నువ్వు జడ కోసేశావు. జన్మలో పెళ్ళాడనని, ఇక మగవాడిగానే బతుకుతానని మన ఊరి ఆచారం ప్రకారం పెద్దల ముందు ఒట్టేశావు. ఆడపిల్ల మ్రికా పోయి మగవాడు మార్క్ వచ్చాడు. ఇప్పుడు నాన్న కూడా లేడు. నేనూ అలాగే ఒట్టేస్తా. ఒప్పుకో.

నీ ముద్దుల
ప్రెండా


ఊరినుంచి,
ఏప్రిల్

ప్రియమైన ప్రెండాకి,

ఒట్టంటే పొగాకు, సారా, మగవాళ్ళ వరసలో ఓ కుర్చీ అనుకున్నట్టున్నావు. ఆనాడు మనది మగదిక్కు లేని కొంప. నీకు నేనున్నాను. ఇంక నీకెందుకా వేషం?

ఒట్టేస్తే బతికినంతకాలం ఎవరి చెయ్యీ పట్టుకోకూడదు. మగవాడిదీ, ఆడదానిదీ. నా స్నేహితురాలు లూలే పెళ్ళిలో ఊరేగింపు ముందు నడిచి తుపాకీ పేల్చింది నేనే. చెయ్యి వణకలేదు. వణికితే ఊరు నవ్వేది. నీకంత గుండె లేదు. ఆడపిల్ల పంతం ఎండలో మంచు.

మాటిచ్చాను. ఆకులు రాలాక పెళ్ళి. ఊలు మేజోళ్ళు పంపుతున్నా, తొడుక్కో.

నీ పెదనాన్న,
మార్క్


ష్కోడ్రా,
మే

మా ఇంటి మగవాడికి,

మేజోళ్ళు అందాయి. వెచ్చగా ఉన్నాయి.

ఇష్టంలేని పెళ్ళి తప్పించుకోడానికి మగవాడివయ్యావు. అయ్యి చేసిన ఘనకార్యం నాకు ఇష్టంలేని పెళ్ళి కుదర్చడం. మగవాళ్ళ ప్యాంటుతో పాటు వాళ్ళ బుర్ర కూడా తొడుక్కున్నావు. లూలే పెళ్ళిలో నీ చెయ్యి వణికుంటే నాకింకా నీమీద గౌరవం ఉండేది.

నేను రాను. ఒట్టూ వెయ్యను. ఎవరైనా అడిగితే చచ్చిపోయిందని చెప్పు, నీ పరువు దక్కుతుంది.

ప్రెండా


ఊరినుంచి,
సెప్టెంబరు

ప్రియమైన ప్రెండాకి,

వేసవంతా జవాబు రాయలేదు. మొదట కోపం. తర్వాత, రాయడానికి మొహం చెల్లలేదు.

నిన్న పాష్క్ ఇంటికి వెళ్ళాను. మగవాళ్ళంతా ఉన్నారు.

"పిల్ల రాదు. సంబంధం వద్దు," అన్నాను.

"మాటిచ్చావు మార్క్."

"నాది కానిదాన్ని ఇచ్చాను. వెనక్కి తీసుకుంటున్నా."

ముసలి టోమ్ మూతి తిప్పాడు. "ఎన్ని ప్యాంట్లు తొడిగితే ఏం, మ్రికా మ్రికాయే. ఆడమాట నీటిమీద రాత."

అందరూ నవ్వారు. పాష్క్ నా కాఫీ కప్పు తన మోకాలి కిందనుంచి అందించాడు, పరువు పోయినవాడికి ఇచ్చినట్టు.

ఈ టోమ్, తన తమ్ముడికి పొలం ఇస్తానని ఎన్నిసార్లు తప్పాడో లోయంతటికీ తెలుసు. అయినా వాడు మాట తప్పిన మగవాడు. నేను ఒక్కసారి తప్పేసరికి ఆడదాన్నయ్యాను. వాళ్ళతో గడ్డి కోసి, వాళ్ళ శవాలు మోసి సంపాదించిన మగతనం కాఫీ చల్లారేలోగా పోయింది. ఇంత నాసిరకం సరుక్కా నా బతుకు ధారపోశాను అనిపించింది. కాఫీ మాత్రం మొత్తం తాగాను. చక్కెర కాస్త ఎక్కువ.

చదువుకో. పెళ్ళి చేసుకుంటావో మానేస్తావో నీ ఇష్టం. దేనికీ ఎవరిముందూ ఒట్టెయ్యక్కర్లేదు. ఈ మగబట్టలు మాత్రం నేను విడవను. వాళ్ళు ఇచ్చినవి కావు.

ఇంటికొచ్చి మీ అమ్మకి చెప్పాను. నా తిండి అయ్యేదాకా గోడవారన నిలబడే మనిషి, తన కంచం తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఇంట్లో మగదిక్కు లేదటగా, బావగారూ," అంది.

నాకు కోపం రాలేదు. రొట్టె విరిచి, పెద్ద ముక్క ఆవిడకిచ్చాను.

నీ పెదనాన్న,
మార్క్