ప్రొద్దుటూరు నుంచి తొండూరుకు, నేరుదారిలో

అన్నా,

మనదీ వాళ్లదీ, రెండు వర్గాలూ ఒకే పార్టీలో చేరాయి. ఆ వార్త మా పేపర్లో నేనే రాశాను. అందుకే ఇన్నాళ్లూ తిరిగిన చుట్టుదారి వదిలి, ఈరోజు నీ పిల్లలిద్దరినీ జీపెక్కించి, తొండూరులో వాళ్ల జేజి, మన అమ్మ దగ్గరికి నేరుదారిలో, నిన్ను చంపినవాళ్ల ఊరి మీదుగానే తీసుకెళ్లాను. దారంతా పిల్లలవి ఒకటే కేకలు.

ఆ ఊళ్లో సోడాలకు ఆగాం. బయట ఎవరికీ నాయన పేరు చెప్పకూడదని పిల్లలకు నేర్పాం. అయినా అంగడి ముసలామె "ఎవురి పాపవే?" అనగానే చిన్నది నీ పేరు గట్టిగా చెప్పేసింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

ఆమె దాని ముఖమే చూస్తూ, "మీ జేజికాడికి పోతాండారా? ఎండ శానా ఉంది, ఇంకో సోడా తాగి పో," అంది.

తొండూరులో జీపు ఆగకముందే చిన్నది అరిచింది: "జేజీ, నాయన పేరు చెప్పేస్తి! ఏం కాలా!"

ఇప్పుడు వాకిట్లో ఇద్దరూ పోటీపడి నీ పేరు అరుస్తున్నారు. అమ్మ ఆపమనడం లేదు.