పొంగేదాకా

అక్కా,

దగ్గి దగ్గి నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. గౌలిపురలో తోడికోడళ్లం మనిద్దరికే కాదు, ఈ పాలోళ్ల గల్లీలో ఎందరికో కడుపు పండలేదు. ఎందుకని ఎవరైనా అడిగారా? గొడ్రాళ్లని పేరు పెట్టి ఊరుకున్నారు.

నిన్న దవాఖానాలో డాక్టరమ్మ నా గర్భసంచికి టీబీ సోకిందని, అందుకే కడుపు పండలేదని చెప్పింది. "పచ్చిపాలు తాగుతారా?" అని అడిగింది.

"పిల్లలు కావాలెనని రోజూ పొద్దుగాల బర్రె కాడనే గ్లాసెడు తాగుతమమ్మా" అన్నాను.

ఆమె రాస్తున్న చీటీ పక్కన పెట్టింది. "గేదెకు జబ్బుంటే కాచని పాల నుంచి కూడా రావచ్చు. మీ గల్లీలో అందరికీ ఇదే కారణమని చెప్పలేను. అందరూ పరీక్ష చేయించుకోండి, మగవాళ్లు కూడా."

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ మన మరిది పెళ్లానికి నురగ పాల గ్లాసు అందిస్తోంది. లాక్కుని గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాను.

"గొడ్రాలా, దాని కడుపు గూడ పండనియ్యవా?" అని అరిచింది. పాలు పొంగేదాకా నేను అక్కడినుంచి కదల్లేదు.

నీకు జ్వరం పట్టిన రోజుల్లో నీ గ్లాసు పాలు కూడా నాకే ఇచ్చేదానివి, "నీకన్న పిల్లలు పుట్టాలె చెల్లె" అని. అది మాత్రం డాక్టరమ్మకు చెప్పలేదు.