గేటు దాకా సాగనంపకు

తమ్ముడూ,

పదకొండింటికి పెన్షన్ ఆఫీసు మేడమ్ నీ నడక చూడ్డానికి వస్తుంది. తలుపు గడియ పెట్టకుండా దగ్గరగా వేసి వెళ్తున్నాను. నువ్వు లేవకు, కూర్చునే "లోపలికి రండి" అను. టీ ఫ్లాస్కులో పోశాను, కప్పులతో సహా నీ కుర్చీ పక్కనే ఉంది.

పోయినసారి వచ్చినాయనకి ఎదురెళ్లి, నువ్వే టీ పెట్టిచ్చి, చివరికి గేటు దాకా సాగనంపావు. ఆయన "బాగానే నడుస్తున్నాడు" అని రాసుకుపోయాడు. ఆ తర్వాత తుంటి నొప్పితో మంచం దిగలేకపోయిన సంగతి ఆయనకెలా తెలుస్తుంది? నీ మర్యాద మన కొంప ముంచింది. ఈసారీ కాదంటే మళ్లీ అడగనివ్వరు.

బజారు దాకా వెళ్తారా అంటే "వెళ్తాను" అని ఊరుకోకు. దారిలో టైలరు కొట్టు మెట్ల మీద కూలబడతావని, టైలరే చెయ్యి పట్టుకుని ఇంట్లో దింపి పోతాడని కూడా చెప్పు. బీరువా వెనక దాచిన చేతికర్ర తీసి నీ కుర్చీకి ఆనించాను. మళ్లీ దాచావంటే ఊరుకోను. అడుక్కోవడం కాదురా ఇది, ఉన్నది ఉన్నట్టు చెప్పడం.

అక్క

ఇంకో మాట. రోజూ పొద్దున నువ్వు గోడ పట్టుకుని బాత్రూముకి వెళ్తుంటే నేను వంటింట్లో గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తుంటాను. నీ మూలుగు నాకు వినపడలేదని నువ్వు అనుకోవాలని. ఇవాళ గిన్నెలన్నీ కడిగి బోర్లించి వెళ్తున్నాను. ఇంట్లో ఏ చప్పుడూ ఉండదు. ఆవిడని విననీ.