ఖాసిం భాయ్ అలమారకు పాలిష్

ఖాసిం భాయ్,

నువ్వు కరాచీ వెళ్లి తొమ్మిదేళ్లయింది. నీ అడ్రసు లేదు కనుక ఈ ఉత్తరం నా పెట్టెలోనే ఉంటుంది. అయినా నీకు చెప్పాలి.

ధర్మపురిలో నీ ఇంట్లో ఇప్పుడు ఒక బడిపంతులు కిరాయికి ఉంటున్నాడు. మనిద్దరం చేసిన టేకు అలమార అక్కడే ఉంది. మొన్నటి వానలకు కప్పు కారి, కుడి తలుపు మీద పాలిష్ తెల్లగా పొరలు లేచింది. కప్పు బాగుచేయించి నన్ను పిలిపించాడు పంతులు. "ఆకుపచ్చ రంగు కొట్టు, పీడ పోతది" అన్నాడు.

నా పని కోయడం, జోడించడం. పాలిష్ నీది, నన్ను ముట్టనిచ్చేవాడివి కాదు. అయినా నువ్వు చేసినట్టే తలుపు వెనక మూడు చోట్ల పూసి చూశాను: ఒకచోట రంగు, ఒకచోట అవిసె నూనె, ఒకచోట లక్క పాలిష్. రెండు రోజులు ఆరనిచ్చి, కిటికీ వెలుతురులో చూపించాను. రంగు కింద టేకు చారలే కనబడలేదు. నూనె మసకగా ఉంది. లక్క పాలిష్ ఒక్కటే ఎడమ తలుపు మీది నీ పాలిష్‌కు దగ్గరగా వచ్చింది. పంతులు భార్య దాని మీద వేలు పెట్టింది.

"గిదే మంచిగున్నది. కట్టె కట్టె లెక్కనే కనబడ్తది."

కుడి తలుపుకు లక్క పాలిష్ పట్టిస్తూ నాలుగు రోజులు రుద్దాను. నీ అంత నున్నగా రాలేదు. ఎడమ తలుపు కాస్త మాసింది గానీ దాన్ని ముట్టలేదు.

"గదెందుకు ఇడిశిపెట్టినవ్?" అని పంతులు అడిగాడు.

"దాన్ని చేసేటాయన వేరే ఉన్నడు సార్" అన్నాను.

"ఉండె" అనడానికి నోరు రాలేదు, భాయ్.

నీ రాజయ్య