చెరుకు కొసల మోపు

నిజామాబాద్,
2003 ఫిబ్రవరి 20.

చిరంజీవి మార్తకు బాపు ప్రేమతో దీవించి రాసేది.

దేవుని దయవల్ల ఇక్కడ అమ్మా నేనూ ఒకే కప్పు కింద పెద్దగా పోట్లాడుకోకుండా బాగానే ఉన్నాం. నువ్వు కూడా హైదరాబాద్‌లో వేళకు తిని, వేళకు నిద్రపోతున్నావని నమ్ముతున్నాం. నమ్మడం తప్ప చేసేదేముంది, నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా ఇంకా ఆఫీసులోనే ఉంటావు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. అమ్మ బీపీ మాత్రలు మానలేదు. మానేసిందని నీకు ఫోన్‌లో చెప్పింది నేనే కానీ, అది ఆమె మీద కోపంతో అన్న మాట. చర్చిలో కోత పండుగ బాగా జరిగింది. కానుకగా వచ్చిన పంటల వేలంలో ఒక సొరకాయ దగ్గర మీ అమ్మకూ డాక్టరుగారి భార్యకూ పంతం వచ్చింది. సొరకాయ మనింటికే వచ్చింది, మూడు రోజులు అదే కూర, నేను నోరు మెదపలేదు. స్కూటీ ఇప్పుడే కొనమంటారా, జూన్‌లో ఉద్యోగం పర్మినెంట్ అయ్యాక కొనమంటారా అని అడిగావు. దానికి జవాబు ఇప్పుడే రాయలేను తల్లీ. ఎందుకో ఈ ఉత్తరం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

ఇక నువ్వు రెండు సార్లు గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. సర్టిఫికెట్ ఎందుకు పంపలేదు, మీ పెద్ద సారు రోజూ అడుగుతున్నారు అని. ఇందులో చాలా సంగతులు నీకు తెలిసినవే. అయినా నేను మొదటి నుంచీ చెప్పుకొస్తాను. నలభై ఏళ్లుగా కోర్టులో అలవాటైన నోరు, మధ్యలో మొదలుపెడితే నాకు ఊపిరాడదు.

రుద్రూర్ దగ్గర చెరుకు ఆకును కాల్చి కరెంటు తీసే ప్లాంటు వస్తోంది. ఆ కంపెనీకి న్యాయసలహా మీ ఆఫీసుది. బ్యాంకు అప్పివ్వాలంటే పదేళ్ల పాటు కాల్చడానికి సరుకు దొరుకుతుందని రైతులతో ఒప్పందాలు చూపించాలి. ఆ ఒప్పందాలు నువ్వు రాశావు. ఇక్కడ రైతుల చేత సంతకాలు చేయించడం నా పని. ఆ తర్వాత, నరికిన చేలో మిగిలే ఎండాకూ పచ్చి కొసా అంతా రైతుదే, అందులో ఇంకెవరికీ హక్కుగానీ ఆనవాయితీగానీ లేదని స్థానిక లాయరుగా నేను సర్టిఫికెట్ రాసి ఇవ్వాలి. నువ్వు నా పేరు చెబితేనే ఆ పని నాకు వచ్చింది. నా కూతురి మొదటి పెద్ద ఫైల్‌లో నా సంతకం కూడా ఉంటుందని బార్ రూమ్‌లో ఎంతమందికి చెప్పుకున్నానో నీకు తెలియదు.

"చేలో పడి ఉండే చెత్తే కదా బాపూ, ఊరికే కాల్చేస్తారు, దాంతో కరెంటు వస్తే మంచిదే కదా" అని రాశావు. మంచిదే. ఆ మాటతో నాకు పేచీ లేదు. నేను ఫైల్ విప్పగానే కరెంటు పోయే ఊళ్లో ఉంటున్న మనిషిని, ప్లాంటు వద్దని ఎందుకంటాను? ఎండాకు ఎంతైనా తీసుకుపోనీ. పచ్చి కొసలు మాత్రం చెత్త కాదు. అవి నరికే ఆడవాళ్ల బర్రెల మేత.

మీ బాపమ్మ బాలవ్వ చెరుకు నరికిందని నీకు తెలుసు. ఎలా నరికిందో నువ్వు చూడలేదు. నరికిన గడ పైన ఉండే పచ్చి కొసను తుంచి పక్కన వేస్తారు. సాయంత్రానికి ఎవరి మోపు వాళ్లు కట్టుకుంటారు. నరుకుడు మొదలైన రోజు మొదటి మోపును ఆ చేను రైతే స్వయంగా ఎత్తి నరికిన మనిషి నెత్తిన పెడతాడు. ఇక ఆ సీజన్ అంతా ఎవరూ ఎవరినీ అడగరు, రైతు చేలో ఉంటే రోజూ తనే మోపు ఎత్తి పెడతాడు. భూమి చెక్క లేని ఇళ్లలో బర్రె బతికేది ఆ మోపుతోనే. మా అమ్మ ఆ బర్రె పాలు బోధన్‌లో హోటలుకు పోసి నన్ను లా చదివించింది. నేను చదివిన పుస్తకాల్లో పాల వాసన వచ్చేదని మా రూమ్‌మేట్లు నవ్వేవాళ్లు.

అంత తెలిసినవాణ్ణి నేనేం చేశానో చెబుతాను విను. జనవరిలో కంపెనీ ఆఫీసరు ఒకాయన వచ్చాడు. రాజేశ్వర్ పటేల్ చేలో నరుకుడు నడుస్తోంది, అక్కడే గట్టు మీద అందరినీ కూర్చోబెట్టాం. ఒప్పందంలో ముందు సంతకం చేసిన రైతు ఆయనే. నరికే వాళ్లలో పెద్దది ఎల్లవ్వ, మా అమ్మతో కలిసి కొడవలి పట్టిన మనిషి. అందరి ముందూ, పటేల్ ముందూ, నేనే ఆమెను అడిగాను, ఈ కొసల మీద మీకేమైనా హక్కు ఉందా అని.

ఎల్లవ్వ కొంగు సర్దుకొని లేచి నిలబడింది. "అయ్యో, మాకేం హక్కుంటది సారూ? పటేలు ఎత్తితె నెత్తిన వెట్టుకుంటం. ఆయన సల్లగుండాలె" అంది. పటేల్ నవ్వాడు, అందరూ నవ్వారు. ఆఫీసరు ఆ మాటను అక్కడే రాసుకొని మీ ఆఫీసుకు పంపాడు.

వేరే జవాబు ఎలా వస్తుంది మార్తా? రోజూ మోపు ఎత్తే మనిషి ఎదురుగా ఉంటే, అది నా హక్కు అని మన దగ్గర ఎవరైనా అంటారా? మా అమ్మను అడిగినా అదే చెప్పేది. అది మర్యాద. ఎల్లవ్వ మర్యాద కొద్దీ అన్న మాటను మనం హక్కు వదులుకున్నట్టు రాసుకున్నాం. ఆమె ఏం చెబుతుందో నాకు ముందే తెలుసు, తెలిసే అక్కడ అడిగాను. ఒక్కదాన్నే పక్కకు పిలిచి అడిగి ఉంటే వేరే సంగతి వచ్చేది.

అందుకే సర్టిఫికెట్ ఆపి మీ పెద్ద సారుకు రాశాను, ఎండాకు తీసుకోండి, పచ్చి కొసలు వదిలేయండి, ఒక్క వాక్యం చేర్చితే చాలు అని. ఫ్యాక్స్‌లో జవాబు వచ్చింది. కొసలు తీసేస్తే బ్యాంకుకు చూపించిన లెక్కకు సరుకు చాలదట, నరికేవాళ్లే తమకు హక్కు లేదని నలుగురిలో చెప్పారు గనుక మినహాయింపు అక్కర్లేదట. కింద సంతకం ఆయనదే. కానీ ఆ వాక్యం నీది. నీకు పదమూడేళ్లప్పుడు వ్యాసం ఎలా ముగించాలో నేర్పింది నేనే, నీ చేతి వాక్యం నాకు తెలియదా? ఎంత బాగా రాసిందీ అని ముందు గర్వపడ్డాను. తర్వాత భోజనం చేయలేకపోయాను.

పోయిన వారం మిగిలిన సంతకాల కోసం మళ్లీ రుద్రూర్ వెళ్లాను. ప్లాంటు ఇంకా లేవలేదు గానీ, ఆకు ఎంత వస్తుందో చూడటానికి కంపెనీ వాళ్లు ట్రాక్టరు, కట్టలు కట్టే యంత్రం తెచ్చి పటేల్ చేలో పెట్టారు. ఒక వాచ్‌మన్‌ను కూడా పెట్టారు. నేను బస్సు దిగి చేను దగ్గరికి వచ్చేసరికి పటేల్ ఎప్పటిలాగే మోపు ఎత్తి ఎల్లవ్వ నెత్తిన పెడుతున్నాడు. ఆమె నాలుగడుగులు వేసిందో లేదో వాచ్‌మన్ అడ్డం వచ్చాడు.

"దించు. గిది కంపెనీ మాల్."

"గివి కొసలు బిడ్డా, చెరుకు గాదు" అంది ఎల్లవ్వ.

"కొసైనా ఆకైనా కంపెనీదే. పటేలు సంతకం వెట్టిండు, అడుగుపో."

అతన్ని అనడానికి లేదు, అతనికి చెప్పిన పని అది. ఎల్లవ్వ మోపుతోనే వెనక్కి తిరిగి పటేల్ వైపు చూసింది. ఆయన ముఖం మాడిపోయింది. "సంతకం వెట్టిన ఎల్లవ్వా. ఎండాకు కొంటరనుకున్న. నీ మోపు దింపుతరని నాకేం ఎర్క?" అన్నాడు. తను ఎత్తిన మోపును తనే దించాడు. దించేటప్పుడు ఆమె ముఖంలోకి చూడలేదు.

నేను అప్పుడైనా తప్పుకొని పోవలసింది. నిలబడిపోయాను. ఎల్లవ్వ తల మీది చుట్టగుడ్డ తీసి దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చింది. అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"వకీలు సారూ, గా దినం నన్ను గట్ల అడిగింది గిందుకేనా?"

నేను చేతిలోని సంతకాల కాగితాలు సంచిలోకి తోసేశాను.

"పటేలు మొకం మీద నాకు హక్కున్నదని ఎట్లంట? వేరేటోళ్లకు తెల్వకుంటె తెల్వకపాయె. నువ్వు బాలవ్వ కొడుకువు. నీకు గూడ ఎర్క లేదా?"

బోధన్ మీదుగా బస్సులో నిజామాబాద్ వచ్చేదాకా ఆ మాటే చెవుల్లో ఉంది. నాకు సిగ్గేసింది మార్తా. ఈ వయసులో ఇంత సిగ్గు పడతానని అనుకోలేదు. బర్రెలు ఈ ఎండాకాలం దాటవు. ఎల్లవ్వ వాళ్లు గడ్డి కొని మేపగలిగేవాళ్లు కాదు, బర్రెను అమ్ముకుంటారు. అమ్ముకున్న బర్రె మళ్లీ ఆ ఇంటికి రాదు.

ఇక ఇంతసేపు దాటవేసిన సంగతి చెబుతాను. ఫోన్‌లో చెప్పవచ్చు కానీ, ఫోన్‌లో నువ్వు "మీటింగ్‌లో ఉన్న బాపూ" అంటావు, నేను సరేలే అంటాను. అందుకే రాస్తున్నాను. సర్టిఫికెట్ నేను ఇవ్వను. పని మానుకుంటున్నానని మీ పెద్ద సారుకు రాసి, కాగితాలన్నీ తిరిగి పంపేశాను. నరికేవాళ్ల తరఫున బోధన్ కోర్టులో రామ్‌దాస్ అనే కుర్ర వకీలు దావా వేస్తున్నాడు, వచ్చే సీజన్‌లో కొసల మోపు ఆపకూడదని. మీ వైపు పనిచేసినవాణ్ణి గనుక ఆ కేసు నేను పట్టకూడదు, పట్టను. కానీ కాగితం లేని ఆనవాయితీని కోర్టులో రుజువు చేయాలంటే దాన్ని చూసిన మనిషి నోటితో చెప్పాలి. రైతులంతా సంతకాలు పెట్టి ఉన్నారు. నరికేవాళ్ల మాట ముందే రాసి ఉంది. రామ్‌దాస్ ఇచ్చే సాక్షుల పేర్లలో మొదటి పేరు నాది.

మీ ఆఫీసు కాగితాల్లోని ఒక్క ముక్క కూడా నా నోట రాదు. చిన్నప్పటి నుంచీ చేలో చూసిందే చెబుతాను. అయినా నీకు దెబ్బ తగులుతుందని తెలుసు. తండ్రి అటు, కూతురు ఇటు అంటే నీ మీద అనుమానం రాదా? ఆ ఉద్యోగం కోసం నువ్వెంత కష్టపడ్డావో తెలిసి కూడా ఈ పని చేస్తున్నాను. నాకు భయంగా ఉంది తల్లీ. నిన్న ప్రార్థన చేసుకుందామని మోకరిస్తే, ఏం అడగాలో తెలియక లేచి వచ్చేశాను.

మీ అమ్మకు చెప్పినప్పుడు "బిడ్డ నౌకరి వోతె నీ కొసలు తెచ్చిస్తయా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఈ రోజు పొద్దున చూస్తే నా తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కోటు ఎక్కడ అంటే, "సాక్షికి నల్లకోటు ఉండదంటివి గద. నేనైతె పోవద్దనే అంట. పోతె మాత్రం మడతల్లేకుంట పో" అంది. ఆమె నీ పక్షమో నా పక్షమో నాకు అర్థం కాలేదు.

ఈ ఉత్తరం అందిన రోజే మీ పెద్ద సారు దగ్గరికి వెళ్లి, సాక్షి మా బాపు అని నువ్వే చెప్పు. వాళ్లు కనుక్కునేదాకా ఆగవద్దు. నిన్ను ఆ ఫైల్ నుంచి తప్పిస్తే తప్పుకో. తప్పించకుండా, నాకు వేయాల్సిన అడ్డప్రశ్నలు నిన్నే రాయమంటే బాగా రాయి, తండ్రి అని వదలకు. తారీఖుల దగ్గర తడబడతాను, కోపం తొందరగా వస్తుంది, ఇవి నీకంటే బాగా ఎవరికి తెలుసు? మొదటి ప్రశ్న నేనే చెబుతాను, రాసుకో. "ఆ రోజు అందరి ముందూ ఎల్లవ్వను హక్కు ఉందా అని అడిగింది మీరే కదా?" అడిగించు. అవును, నేనే అడిగాను అంటాను. మీ వైపు అది చాలు.

జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగకూడదని నీకు నేర్పింది నేనే. ఇప్పుడు జవాబు తెలిసిన ప్రశ్న ఒకటి ఉంది, దాన్ని కూడా అడిగించకు. జవాబు ముందే తెలిసి కూడా ఎందుకు అలా అడిగారు, ఎవరి కోసం అడిగారు అని మాత్రం అడిగించకు తల్లీ. ప్రమాణం చేసి బోనులో నిలబడ్డాక నేను నీ పేరు చెప్పకుండా ఉండలేను.

ఇట్లు,
నిన్ను తలచుకుంటూ,
నీ బాపు
జీవరాజు